గాడిద బొమ్మ చెవి

రక్తపరీక్షల రిపోర్టుల మీద ముద్ర వేసి, సిరా ఆరేదాకా ఊదుతూ మూగనోము పక్క కుర్చీకేసి చూసింది. అందులో కూర్చునే పెద్దావిడ, అందరూ అక్కయ్య అనే ఆమె, టీ తేవడానికి వెళ్ళింది.

మూగనోము ఆమె అసలు పేరు కాదు. ఈ ఆస్పత్రి ల్యాబులో చేరిన కొత్తలో ఎవరో పెట్టారు, అతుక్కుపోయింది. చెడ్డబుద్ధి లేని మనిషి. కానీ భయమేస్తే మాట గొంతుకు అడ్డం పడేది. అది దిగేసరికి జరగవలసింది జరిగిపోయేది. చిన్నప్పుడు అద్దం పగలగొట్టింది తనైతే దెబ్బలు తిన్నది చెల్లెలు.

ఇద్దరికీ ఒకటే కంప్యూటర్. మూగనోముకు వేరే పాస్‌వర్డ్ ఇస్తామన్న మాట మాటగానే ఉండిపోయింది. అక్కయ్యే తనది చెప్పింది. "మా మనవరాలి ముద్దుపేరే. ఎవరితోనూ అనకే, నవ్వుతారు."

ఎవరిదో రిపోర్టు వెతకడానికి మూగనోము అక్కయ్య కుర్చీలోకి జరిగింది. తెరమీద ఒక మెయిలు. మీ సెలవు రద్దయింది, వివరాలకు ఇక్కడ నొక్కండి అని. మనవరాలిని చూడటానికి అక్కయ్య ఎన్నాళ్ళనుంచో అడిగి తెచ్చుకున్న సెలవు అది. అయ్యో అనుకుని నొక్కింది. పాస్‌వర్డ్ అడిగితే అక్కయ్యదే కొట్టింది. పేజీ తెల్లగా వెలిగి మాయమైంది.

దొంగ మెయిలేమోనని అప్పుడు తట్టింది. కంప్యూటర్లు చూసే సిస్టమ్స్ గదికి చెప్పాలని ఫోన్ మీద చెయ్యి వేసింది. అప్పుడు గాడిద కనిపించింది.

అదొక గుడ్డబొమ్మ. సిస్టమ్స్ అతను సిబ్బందిని పరీక్షించడానికి అప్పుడప్పుడూ దొంగ మెయిళ్ళు పంపుతాడు. నొక్కినవాళ్ళ బల్లమీద ఆ గాడిద కూర్చుంటుంది. దారినపోయే ప్రతివాడూ ఓండ్రపెడతాడు. మొన్న అది అక్కయ్యకు దక్కింది. "ఏమ్మా, గడ్డి వేశారా?" అని మేనేజర్ కూడా అడిగాడు. అక్కయ్య అందరితోపాటు నవ్వింది. బొమ్మను ఇంటికి తీసుకెళ్ళి, ఊడిన చెవిని నీలం దారంతో కుట్టి తెచ్చింది. "నా దగ్గరున్నన్నాళ్ళూ రెండు చెవులతో ఉండాలిగా," అంది. ఆ రోజే చేతులు కడుక్కునే చోట ఆమె కళ్ళు తుడుచుకోవడం మూగనోము చూసింది.

ఫోన్ మీంచి చెయ్యి తీసేసింది.

"ఏంటే, మొహం అలా పాలిపోయింది?" అక్కయ్య టీ అందించింది.

"ఏం లేదక్కా."

తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. మధ్యాహ్నానికి ల్యాబులో తెరలన్నీ నల్లబడ్డాయి. ఒక్క రిపోర్టూ తెరుచుకోలేదు. కిటికీ అవతల ఒక తండ్రి, పాప ఆపరేషన్ ఆగిపోయిందని అరిచి అరిచి చివరికి దండం పెట్టాడు. మళ్ళీ రక్తం తీయాలన్నారు. దూది అంటించిన చేతిని పాప వెనక దాచుకుంది.

సాయంత్రం అక్కయ్యను మేనేజర్ గదికి పిలిచారు. కాగితాల మీద సంతకానికని వెళ్ళి మూగనోము గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈసారి వచ్చింది నిజం దొంగల మెయిలు. అంతా మీ పేరుమీదే మొదలైందమ్మా," అంటున్నాడు సిస్టమ్స్ అతను. "మీ పాస్‌వర్డ్ ఇంకెవరికైనా తెలుసా?"

అక్కయ్య గుమ్మంకేసి ఒకసారి చూసింది. "లేదు బాబూ."

"మరి మీరే నొక్కారా?"

"గుర్తులేదు. నేనే అయ్యుంటాను. మొన్నా నేనేగా."

మూగనోము నోరు తెరిచింది. మాట అడ్డం పడింది.

"రేపట్నించి రాకండి. ఏ సంగతీ కబురు చేస్తాం," అన్నాడు మేనేజర్, తలెత్తకుండా.

సిస్టమ్స్ అతను బయటికొచ్చి అక్కయ్య బల్లకే చేరగిలబడ్డాడు. "నొక్కితే నొక్కారు. అప్పుడే ఒక్క మాట చెబితే తీగ పీకేసేవాణ్ణి, అక్కడికక్కడే ఆగేది. చెప్పడానికి ఏం నొప్పి వీళ్ళకి!" అని వెళ్ళిపోయాడు. అతని మోచేతి పక్కనే ఉన్న గాడిదను అతను చూడలేదు.

అక్కయ్య అన్నం డబ్బా, శాలువా సంచిలో పెట్టుకుంది. "నువ్వు దిగులుపడకే. నీ మీదికి రాలేదు, అంతే చాలు," అని మూగనోము బుగ్గ తట్టింది.

"అక్కా..."

"ఊఁ?"

"మెట్లు చూసుకుని దిగు."

అడుగుల చప్పుడు వినిపించినంతసేపూ మూగనోము నిలబడే ఉంది. చప్పుడు ఆగాక గొంతులో అడ్డం దిగింది. "నేనే నొక్కాను," అంది, పైకే, స్పష్టంగా.

గదిలో ఎవరూ లేరు. ఖాళీ కుర్చీ ముందు బల్లమీద గాడిద, నీలం దారంతో కుట్టిన చెవిని నిక్కించి కూర్చుని ఉంది.