గవర్రాజు గులాబీ, నేనూ

నేను ఒక రంగు డబ్బాను. ఇరవై లీటర్ల పొట్ట, తీగ చెవి, ఒంటి మీద నవ్వుతున్న కుటుంబం బొమ్మ. ఫ్యాక్టరీ నుంచి నిండుగా బయలుదేరి, అనకాపల్లిలో గవర్రాజు ఇంటి గోడలకు నా లోపలున్నదంతా ధారపోశాను. ఖాళీ అయ్యాక కొన్నాళ్లు నీళ్లు మోశాను, కొన్నాళ్లు విడిచిన బట్టలు మోశాను. ఒకరోజు గవర్రాజు ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి నా అడుగున ఐదు చిల్లులు పొడిచాడు. లోకంలో చిల్లు పడ్డ డబ్బాను పారేస్తారు. నన్ను మాత్రం చిల్లులు పెట్టి మరీ డాబా పిట్టగోడ ఎక్కించారు.

గవర్రాజు కరెంటు లైన్‌మన్‌గా చేసి ఆ మధ్యే రిటైరయ్యాడు. మొక్కల బండి దగ్గర ఎర్రగులాబీ అంటు కొని తెచ్చి నాలో నాటాడు. చూసి అతని భార్య నూకాలు ఊరుకుంటుందా?

“తీగలకి తగుల్తన్నాయని ముప్పయ్యేళ్లు ఊళ్లో చెట్లన్నీ నరికినోడివి. నీ సేతిలో మొక్క బతుకుద్దేటయ్యా?”

ఆ మాట అతనికి గట్టిగా తగిలింది. “ఈ సేత్తో ఇంక ఆకు కూడా తుంచనే! నీ కొప్పులోకి మనింటి గులాబీ రాకపోతే నా పేరు గవర్రాజు కాదు,” అని పంతం పట్టాడు.

అంటు కట్టిన చోట ప్లాస్టిక్ పట్టీ చూసి, “జాయింటు వదులుగుంది,” అంటూ దాని మీద నల్లటేపు చుట్టాడు. నా నోట్లో టీ పొడి, ఉల్లిపొట్టు, గుడ్డు పెంకులు కుక్కాడు. నెల తిరిగేసరికి ఆ టేపు కింద నుంచి ఒక కొమ్మ ఏపుగా లేచింది. పైకొమ్మ మాత్రం బక్కచిక్కిపోయింది. గవర్రాజు ఆ కింది కొమ్మను రోజూ జానలతో కొలిచి వీధంతా చెప్పుకునేవాడు. మొగ్గ జాడ లేకపోయినా మీసం మెలేసేవాడు.

చివరికి పూలమ్మే సింహాచలమ్మ డాబా ఎక్కి చూసి నెత్తి కొట్టుకుంది.

“ఓలమ్మో! ఇది అడివి ముల్లు బాబూ, అంటు కిందనించి లేసింది. నీ గులాబీ ఆ పైది. దాని తిండంతా ఇదే తినేత్తంది. మొదలంటా కొయ్యకపోతే పది రోజుల్లో అసలుది సచ్చిపోద్ది.”

గవర్రాజు మొహం వాడిపోయింది. నూకాలు నవ్వుతూ కత్తెర తెచ్చిస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“నరకనని నీకు మాటిచ్చాను కదే. నువ్వే కొయ్యి.”

నూకాలుకు నవ్వాగిపోయింది. ఎగతాళికి అన్నమాట అంత లోతుకు దిగిందని ఆమెకు అప్పుడే తెలిసింది. బాధపడింది కూడా.

“తుపాన్లో నువ్వెళ్లి కొమ్మలు నరక్కపోతే ఈ ఊళ్లో దీపాలు ఎలిగీవేటయ్యా? నాను నోరు జారాను. నరుకు.”

అతను కోశాడు. చేతికి రెండు ముళ్లు దిగినా మొదలంటా కోసేదాకా ఆపలేదు. ఆ వారమంతా ఇద్దరూ పూటకోసారి డాబా ఎక్కి, ఆసుపత్రిలో రోగిని చూసినట్టు పైకొమ్మను చూసి దిగేవారు. నలభై రోజులకు ఒకే ఒక్క పువ్వు విచ్చింది. పెద్ద ఉసిరికాయంత ఉంది.

నూకాలు తలంటుకుని, కొప్పు చుట్టుకుని వచ్చింది. గవర్రాజు కత్తెర తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. కోయడానికి చెయ్యి రాలేదు. ఆమె కాసేపు చూసి, వెనక్కి తిరిగి, కాస్త వంగి తన కొప్పును ఆ పువ్వుకు ఆనించింది.

“కొయ్యకు. ఇలగే సూడు. బాగుందా?”

“కదలకే,” అన్నాడు గవర్రాజు. కత్తెర నా పక్కన పెట్టేశాడు.

మోకాళ్లు పీకేస్తున్నాయని గొణుగుతూనే ఆమె అలాగే నిలబడింది.