మంచు కురిసే దుబాయి

బయటి దేశం ఏదైనా జ్యోతి వాళ్ల ఊళ్లో దాని పేరు దుబాయే. మస్కట్ పోయినవాడూ దుబాయి పోయినవాడే, ఖతార్‌లో ఒంటెలు కాసినవాడూ దుబాయి నుంచి దిగినవాడే. అందుకే రాజమణి సంచి పట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కిన రోజున ఊరంతా ఆమె దుబాయి పోయిందనే అనుకుంది. ఎవరో ముసలామెకు వండిపెట్టి, స్నానం చేయించి, రాత్రిళ్లు తోడుండే పని. భర్త అబ్రాహాము కూడా అడిగినవాళ్లకు దుబాయనే చెప్పాడు. కూతురు కృపాజ్యోతి బడిలో తల వంచుకుని అదే మాట చెప్పింది.

రాజమణి ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. మాటలకన్నా వీడియోలు ఎక్కువ పంపేది. గుట్టను పట్టుకుని వేలాడుతున్నట్టుండే ఊరు. రాతి ఇండ్లు, ఎర్ర పెంకుల కప్పులు, వీధి మీద పందిరిలా పాకిన ద్రాక్ష తీగ, పై అంచు విరిగిపోయిన గంట గోపురం. చలికాలంలో గుట్టలన్నీ తెల్లగా మంచు కప్పుకుని కనిపించేవి. ఒకసారి ముసలామెతో పాటు కింద సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి కూడా పోయింది. అక్కడ తెల్లటి గోడలు, రంగురంగుల పడవలు, దండెం మీద బట్టల్లా ఆరేసిన ఎనిమిది కాళ్ల జీవాలు. వాటిని తింటారట, నేనైతే ముట్టలేదని రాజమణి ముక్కు మూసుకుని నవ్వింది.

ముసలామె ఇంటికి నీలం రంగు తలుపు. ఆ తలుపు పక్కన పాత నూనె డబ్బాలో రాజమణి పుంటికూర, అదే గోంగూర, వేసింది. పోయేటప్పుడు కొంగున ముడేసుకుపోయిన విత్తనాలవి. వాటిని చూపించినప్పుడు మాత్రం ఆమె గొంతు మారేది. వారం వారం లేత ఆకు తెంపి పప్పులో వేసుకుంటోందట.

వానకాలంలో వచ్చిన ఒక ఫోన్లో, ముసలామెను పట్నం దవాఖానకు తీసుకుపోయారని చెప్పింది. కొడుకులు ఇల్లు అమ్మే మాట మాట్లాడుతున్నారట, తనను ఎక్కడికి పంపుతారో తెలియదట. పెట్టేసే ముందు ఏదో గుర్తొచ్చినట్టు అంది.

"చర్చిల బైబిలు సదువుతరు గదా, అండ్ల కుప్ర అని. గదే దేశమంట ఇది. మొన్ననే తెలిసింది."

"అయితే అపొస్తలులు కనవడితె నా దండాలు చెప్పు" అన్నాడు అబ్రాహాము. ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. అది నవ్వులాట కిందనే పోయింది.

ఆ తర్వాత ఫోన్ రాలేదు. చేస్తే ఎవరో ఆడమనిషి తెలియని భాషలో ఒకే మాట చెప్పి పెట్టేసేది. వరి కోతల దాకా ఎదురుచూసి అబ్రాహాము కూతుర్ని వెంటబెట్టుకుని కామారెడ్డి పోయాడు. కలెక్టరాఫీసులో ఫిర్యాదు రాసుకునే సారు ఏ దేశమని అడిగితే, "దుబాయి సారూ" అన్నాడు. అడిగీ అడగగానే నోట్లోంచి వచ్చిన మాట. పక్కన నిలబడ్డ జ్యోతికి కూడా అందులో తప్పేమీ తోచలేదు.

చలి ముదిరాక జవాబు వచ్చింది. ఆ పేరుతో అలాంటి మనిషి దుబాయిలో లేదట. అబ్రాహాము ఆ రోజు పనికి పోలేదు. దుబాయిలోనే లేకుంటే మరెక్కడున్నట్టు? ఊళ్లో ఆ ప్రశ్నకు వాళ్లే జవాబులు చెప్పుకున్నారు. పక్కింటి భూమక్క చేదబావి దగ్గర, అంత దూరం పోయిన ఆడది ఎవరితో పోయిందో ఎవరికి తెలుసని, జ్యోతికి వినబడేలాగే అంది. జ్యోతి బిందె సగమే నింపుకుని వచ్చేసింది.

ఎల్లారెడ్డి బస్టాండు పక్కన గౌస్ చాచాకు ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. అతను పదేళ్లకు పైగా నిజంగా దుబాయిలో పనిచేసి వచ్చినవాడు. బాపు ఫోన్ తీసుకుని జ్యోతి అతని దగ్గరికి పోయింది. మంచు గుట్టల వీడియో పెట్టి ఫోన్ అతని ముందుకు జరిపింది. గౌస్ చాచా చూసి, కండ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"బేటీ, మంచు కురిసే దుబాయి నేనైతే చూడలే. గీ ఊరు ఏందని మీ అమ్మ చెప్పలేదా?"

అప్పుడు గుర్తొచ్చింది జ్యోతికి. కుప్ర అంది. గౌస్ చాచాకు ఆ పేరు తెలియదు. ఫోన్లో వెతికి, చాలాసేపటికి, అది సైప్రస్ అని, సముద్రం మధ్యలో ఉండే దీవి అని చెప్పాడు. అక్షరాలు ఎలా కొట్టాలో నేర్పించాడు.

ఆ రోజు నుంచి బడి విడిచాక జ్యోతి ఆ దీవి మీదే తిరిగింది. అక్కడికి షికారు పోయిన వాళ్లు తీసిన వీడియోలు లెక్కలేనన్ని ఉన్నాయి. తెల్లటి మనుషులు టోపీలు పెట్టుకుని రాతి మెట్లెక్కుతారు, పిల్లుల్ని ముద్దు చేస్తారు, అరుగుల మీద కూర్చుని కాఫీ తాగుతారు. ఆమె వాళ్ల మొహాలు చూసేది కాదు. వాళ్ల వెనక చూసేది. మూల మీద ఊడ్చే మనిషిని, డాబా మీద బట్టలారేసే చేతిని ఆపి ఆపి చూసేది. ఒక గుట్ట మీది ఊరు, దాని తర్వాత ఇంకోటి. ప్రతి ఊరికీ ద్రాక్ష పందిరి ఉంది, నీలం తలుపులున్నాయి. సముద్రం ఒడ్డు ఊళ్లయితే అన్నీ ఒకటే. పడవలు, తెల్ల గోడలు, ఎక్కడా అమ్మ లేదు.

చివరికి అంచు విరిగిన గంట గోపురం కనబడింది. కొత్త వీడియో. ఒక జంట నవ్వుకుంటూ ఆ సందులోకి తిరిగారు. నీలం తలుపు ముందు ఆగారు. ఫొటోకు బాగుందని కాబోలు. జ్యోతి లేచి నిలబడి బాపును పిలిచింది. "ఊరు దొరికింది బాపు" అంది.

అబ్రాహాము గడ్డపార పక్కన పడేసి వచ్చి ఫోన్ మీదికి వంగాడు. తలుపుకు తాళం ఉంది. పక్కన నూనె డబ్బా ఉంది. డబ్బాలో పుంటికూర నడుమెత్తు పెరిగి, ఆకు మొత్తం రాలి, కట్టెలై నిలబడింది. కొమ్మ కొమ్మకూ ఎండిన కాయలు. ఆ జంటలోని అమ్మాయి ఒక కాయ తెంపి, వాసన చూసి, నలిపి పారేసింది. విత్తనాలు రాతి మీద చెల్లాచెదురయ్యాయి. ఇద్దరూ ముందుకు సాగిపోయారు.

అబ్రాహాము వెనక్కి జరిపించి మళ్లీ చూశాడు.

"ఎన్నడో ముదిరింది. ఎవలూ తెంపలే" అన్నాడు. తెర మీది డబ్బాను వేలితో చూపించి, "మీ అమ్మ ఆడుంటే ముదరనిస్తదా?"

 జ్యోతికి అమ్మ లేని చోటు ఒకటి మాత్రం తెలిసింది. వెతకాల్సిన మిగిలిన దీవి అంతా అలాగే ఉంది.

అయినా ఆ సాయంత్రం అబ్రాహాము కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని దేశం పేరు నేర్చుకున్నాడు. కామారెడ్డి పోయి సరిగ్గా చెప్పాలన్నాడు. సైపరస్, సైప్రాస్. నాలుక తిరగలేదు. పడుకునే దాకా పెదవులు కదుపుతూనే ఉన్నాడు.

పొద్దున కామారెడ్డి బస్సు కోసం నిలబడితే భూమక్క కలిసింది. కూలికి పోతోంది. ఈసారి ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు.

"రాజమణి జాడ ఏమన్న తెలిసిందా అన్నా? ఏడుందట?"

అబ్రాహాము నోరు తెరిచాడు. పెదవులు ఒకసారి ఆ పేరు కోసం తడుముకున్నాయి. కూతురి వైపు చూశాడు. తర్వాత వస్తున్న బస్సు వైపు చూశాడు.

"ఏడుంటది" అన్నాడు. "దుబాయిల."

జ్యోతి సరిదిద్దలేదు. బస్సు ఆగింది, ఇద్దరూ ఎక్కారు.