గాడిదల ఓట్లు

మా అల్లుడు సత్యనారాయణమూర్తి సిడ్నీలో ఫ్రోజెన్ పరోటాల కంపెనీకి పెద్ద బాసుగా చేశాడు. మీటింగులో ఆయన నోరు తెరిస్తే అందరూ తలూపేవారట. జీతమిచ్చేవాడి ముందు ఎవరైనా ఊపుతారు. ఆయన దాన్ని ప్రజాభిమానం అనుకున్నాడు.

రెండుసార్లు కౌన్సిల్‌కి నిలబడ్డాడు. రెండుసార్లూ జనం కూర్చోబెట్టారు. మూడోసారి ఉద్యోగం మానేసి ఏకంగా పార్లమెంటుకే నిలబడ్డాడు.

"ఇదే ఆఖరు. ఓడావంటే నీ ప్రచారం బోర్డులన్నీ చెత్త పారేసే రెడ్ బిన్‌లోకే," అంది మా అమ్మాయి హరిప్రియ.

ఇక్కడ ఓటంటే ముద్ర కాదు. పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు వెయ్యాలి. ఓటు వెయ్యకపోతే జరిమానా. అందుకని కొందరు పేర్లు చదవకుండానే పైనుంచి కిందికి వరసగా గీకేసి పోతారు. దాన్ని డాంకీ వోట్ అంటారు. పేర్ల వరసకి చీటీ తీస్తే మావాడి పేరు అందరికంటే పైన వచ్చింది. ఇల్లంతా గంతులేశాడు.

ఆదివారం మా పేట ద పాండ్స్‌లో హాలు తీసుకుని మనవాళ్ళని పిలిచి ఇడ్లీలు పెట్టించాడు. ఎప్పుడూ ఇంగ్లీషులో దంచేవాడు, ఆరోజు ప్రేమ పొంగి తెలుగెత్తుకున్నాడు.

"ఈసారి గెలుపు మనదే! గాడిదల ఓట్లన్నీ నాకే!"

చప్పట్లకి లేచిన చేతులు గాల్లోనే ఆగాయి. పక్కవీధి భ్రమరాంబగారు ప్లేటు కింద పెట్టింది.

"ఎవరు బాబూ గాడిదలు?"

"అయ్యో, మీరు కాదాంటీ! అది టెక్నికల్ వర్డ్. ఆలోచించకుండా నాకు ఓటేసేవాళ్ళు!"

"అంటే ఆలోచిస్తే వెయ్యరనేగా అంకుల్?" అన్నాడు వెనకనుంచి కార్తీక్ అనే కుర్రాడు.

హాలంతా పగలబడి నవ్వింది. అల్లుడు నావైపు చూశాడు. నేను ఇడ్లీవైపు చూశాను.

ఆ వారమంతా వాట్సాప్‌లో ఒకటే మాట. గాడిదలం కాదని చూపించాలంటే కిందనుంచి పైకి వెయ్యాలట. వేశారు. అట్టడుగున ఉన్నాయన గుర్రాలు పెంచుకునే మనిషి. ఇంతమంది తెలుగువాళ్ళకి తనెందుకు నచ్చాడో పాపం ఆయనకీ అర్థమై ఉండదు.

మావాడు కొద్దిలో ఓడాడు.

మర్నాడు హరిప్రియ రెడ్ బిన్ ఈడ్చుకొచ్చింది. అల్లుడు తన మొహమున్న బోర్డు పట్టుకుని నిలబడ్డాడు.

"మామయ్యగారూ, మీరైనా నాకు వేశారా?"

"పైనుంచి కిందికి."

"ఆలోచించే వేశారుగా?"

"ఆలోచిస్తే వేస్తానా బాబూ?" అని బిన్ మూత ఎత్తి పట్టుకున్నాను.