ముక్కుతో రాసిన అంకెలు

గ్లాసును మూడుసార్లు తొలిచి, కుళాయి కింద పట్టి, నిండగానే అరచేత్తో మూశాడు. గట్టిగా కుదిపి, చెయ్యి తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు. నీటిశుద్ధి కేంద్రంలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన పని ఇదే. వంగిన భుజాలు, తడికి నానిన గోళ్లు, మోచేతుల దగ్గర అరిగిన చొక్కా. మనిషి మొత్తంలో చెప్పుకోదగ్గది ఆ ముక్కొక్కటే.

రెండేళ్ల కిందట పొదుపు పేరుతో పైవాళ్లు పెట్టిన కోతల్లో పరీక్ష మందు రావడం ఆగిపోయింది. రెండు చుక్కలు వేస్తే నీళ్లు తిరిగిన రంగును బట్టి క్లోరిన్ ఎంతుందో చెప్పే మందు అది. అది లేకపోయినా ఈయన వాసన పట్టి అంకె చెప్పేవాడు. ఒకసారి బయట పరీక్ష చేయిస్తే ఆ అంకె అచ్చంగా సరిపోయింది. ఆనాటి నుంచి ఊరందరికీ ముక్కుగారయ్యాడు. ఆ పేరు వింటే లోలోపల ఎంత పొంగిపోయేవాడో! ఆ పొంగే కొంప ముంచింది. నాలుగు నెలల కింద వచ్చిన జ్వరం తగ్గింది గాని, దాంతోపాటు పోయిన వాసన తిరిగి రాలేదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అనుకుంటూ రిజిస్టరులో ముందురోజు అంకెనే మళ్లీ రాస్తూ వచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంక ముక్కుగారెక్కడ?

ఈ ఉదయం భార్యకు దొరికిపోయాడు. "పాలు మాడి ఇల్లంతా కమురు కొడుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుతారా?" అని ఆమె కేకలేసింది. జ్వరంతో వాసన పోయిందని ఆయన ఒప్పుకున్నాడు. ఆమె మాడిన గిన్నె దించి, "మరి ఆ నీళ్లు ఎవరు చూస్తున్నారండీ?" అంది మెల్లగా.

గ్లాసు పక్కన పెట్టి ఇంజనీరు గదిలోకి వెళ్లాడు.

"సార్, నాకు వాసన తెలీట్లేదండి. నాలుగు నెలలైంది."

"ఇప్పుడా చెప్పేది? వచ్చే నెల ప్లాంటు ప్రైవేటు కంపెనీ చేతికి పోతోంది. అంతా సవ్యంగా ఉందని సంతకం కూడా పెట్టేశాను. ఇవాళ్టిది కూడా రాసేసి మీ పని చూసుకోండి."

"రాయలేనండి."

"అయితే ఇంటికెళ్లండి. రేపట్నుంచి రానక్కర్లేదు."

ఇంటికి వెళ్లలేదు. క్లోరిన్ తగ్గితే ముందు దెబ్బ తినేది గొట్టం చివరి వీధి. ఎండలో అక్కడిదాకా నడిచి తలుపులు తట్టాడు.

"నీళ్లు కాచి తాగండమ్మా."

"ఏడాదిగా కాచే తాగుతున్నాం బాబాయ్. మీ నీళ్లని నమ్ముకుంటే అయినట్టే!" అని నవ్వింది ఒకామె. రెండో ఇంట్లోనూ దాదాపు అదే మాట. తల కొట్టేసినట్టయింది. అయినా, పోనీలే, బతికిపోయారు అనుకున్నాడు.

చివరి ఇల్లు వదినది. సొంత వదిన కాదు, పంపుహౌసులో తనతో పనిచేసి చనిపోయిన స్నేహితుడి భార్య. నాలుగు నెలలుగా మొహం చెల్లక ఆ ఇంటివైపు రాలేదు. కూతురు తలుపు తీసింది. కళ్లు వాచి ఉన్నాయి.

"ఇప్పుడా వచ్చారు బాబాయ్? అమ్మ నిన్న సాయంత్రం ఆస్పత్రిలో పోయింది. మూడు రోజులు విరేచనాలు. ఆస్పత్రి నుంచే శ్మశానానికి తీసుకెళ్లిపోయాం. ఎవరికీ కబురు చెయ్యలేకపోయాను."

ఆయన చెప్పులు విప్పి గడప పక్కన కూర్చున్నాడు.

"కాచి తాగమ్మా అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. వింటేగా! 'మా మరిది చూసి వదిలిన నీళ్లే, మళ్లీ కాస్తే ఆయన్ని అవమానించినట్టు కాదూ' అనేది."

చెప్పాలని వచ్చిన మాట చెప్పాడు. జ్వరం సంగతి, అంకెల సంగతి, అంతా. ఆ పిల్ల లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

కిటికీ గట్టు మీద, దుమ్ము పడకుండా చిన్న పళ్లెం మూసిన వదిన చెంబులో సగందాకా నీళ్లున్నాయి.