కోడలి మొదటి ముద్ద

థర్మల్ కాలనీలో కాపురం అంటే కడిగిన కంచాన్ని మళ్ళీ తుడవడం. మనం పడుకున్నా చిమ్నీలు పడుకోవు, బూడిద రాలుతూనే ఉంటుంది. ఆ సాయంత్రమూ కొంగుతో కంచాలు తుడుస్తున్నాను. చెయ్యి కంచం మీద, చెవి హాల్లో. మా ఆయన అమరేశ్ మధ్యాహ్నమే అండమాన్ నుంచి వచ్చాడు. వెళ్ళిన పని ఏమైందో నాకింకా తెలియదు.

వాళ్ళ వంశంలో ఎవరినో ఇంగ్లీషువాళ్ళు కాలాపానీకి పంపారని ఇంట్లో ఒక మాట ఉంది. పేరు ఎవరికీ తెలియదు. "తెల్లోళ్ళ మీద తిరగబడ్డోడే అయ్యుంటడు" అని ఈయనే తీర్మానించేశాడు. పంద్రాగస్టుకు వీరుడి వంశస్థుడని కాలనీలో సన్మానం చేస్తామన్నారట, కొత్త కోటు కుట్టించుకున్నాడు. ఆ పేరు కోసం పాత రికార్డులు వెతుకుతూ హైదరాబాదు, మద్రాసు తిరిగి తిరిగి చివరికి సముద్రం దాటాడు. నేనూ వస్తానన్నాను, పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. "నువ్వొస్తే అమ్మకు రొట్టెలెవరు చేస్తరు?" అన్నాడు. దారిలోకి కారప్పూస మాత్రం చేయించుకున్నాడు.

ఈ ఇంటికో మర్యాద ఉంది. ఏ పూటైనా మొదటి ముద్ద కోడలిదే. వడ్డించిన కంచంలోంచి ఇంత తుంచి నా చేతిలో పెడతారు. నేను మింగాక అత్త నాతో కాసేపు కబుర్లాడుతుంది, ఆ తర్వాతే మగవాళ్ళు తింటారు. పెళ్ళైన కొత్తలో లింగసుగూరు నుంచి వచ్చిన మా అమ్మ అది చూసి కళ్ళు తుడుచుకుంది. "పెట్టి పుట్టినవే బిడ్డా!" అంది. "మా ఇంట్ల ఆడోళ్ళకు ఇచ్చే ఇజ్జత్ గిది" అని ఈయన స్నేహితుల దగ్గర మీసం దువ్వేవాడు. ఆ ఒక్క ముద్ద అయ్యాక అందరికంటే ఆఖరున అడుగూ బొడుగూ తినేది నేనేనని ఎవరికీ పట్టలేదు. జ్వరంలోనూ తిన్నాను. శనివారం ఒక్కపొద్దునాడూ తిన్నాను, "కోడలికి దోషం లేదు" అంటే. నిజం చెప్పొద్దూ, నాకూ గర్వంగానే ఉండేది.

హాల్లో ఈయన గొంతు తగ్గించాడు. "మగోడు కాదమ్మా. ఆడామె. మనింటి కోడలే, తాయమ్మంట. మొగనికి రొట్టెల విషం పెట్టి సంపిందంట. వంశం పరువు గంగల కలిపింది."

మా అత్త కృష్ణాబాయి ఉలిక్కిపడలేదు. "నాకెర్కనే. మా అత్త పోయే ముందర చెప్పింది. గందుకే గదరా, కోడలు తిన్నంకనే మీరు తినేది."

నాకు సిగ్గేసింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. కుక్కకు వేసి చూసినట్టు ఇన్నేళ్ళూ నాకు వేసి చూశారు. కాలు నిలవలేదు. ఆరిన బట్టలు తెచ్చి, దులిపి, మళ్ళీ తీగ మీదే వేసి వచ్చాను. మొగుడిని చంపిందని అందరూ రాసుకున్నారు, సరే. అంతకుముందు అతను ఆమెను ఏం చేశాడో ఎవరైనా అడిగారా? నేను చూడని సముద్రం ఆమె చూసింది, పాపం, సంకెళ్ళతో.

అత్త వంటింట్లోకొచ్చి నా మొహం చూసింది. "ఇన్నవా?"

తలూపాను.

"ఎవ్వరితో అనకు. నేనైతే ఎర్కైనంక గూడ తిన్న," అంది మెల్లగా.

పొద్దూకాక వడ్డించాను. జొన్నరొట్టె, పుంటికూర పప్పు. ఆ ముద్ద ఎందుకో ఇప్పుడు ఆయనకూ తెలిసింది కదా, ఇక చెయ్యి చాపడనుకున్నాను. అంతమాత్రం మనిషే అనుకున్నాను. ఆయన ఎప్పటిలాగే రొట్టె తుంచి, పప్పులో అద్ది నా ముందుకు చాపాడు.

"నాకు ఆకలైతలేదు. మీరు తినుండ్రి."

"ఒక్క ముద్దనే గదా."

"ఒక్క ముద్దనే గదా, మీరే తినుండ్రి."

నవ్వబోయాడు. తల్లి వైపు చూశాడు. ఆమె గోడ వైపు తిరిగి కొంగు సర్దుకుంది. ఆ ముక్కను నోటిదాకా తెచ్చుకుని ఆగాడు. కూరలో ఏం పడుతుందో, పొయ్యి దగ్గర ఎంతసేపు నిలబడతానో ఇన్నేళ్ళలో ఒక్కనాడూ అడగని మనిషి, ఇవాళ అడిగాడు.

"దీంట్ల ఏమేసినవ్?"

"రోజూ ఏసేదే," అన్నాను.