కొబ్బరికాయకు జడిసిన కారు

సముద్రాలు దాటి వచ్చిన ఆ తెల్లకారు విశాఖ రేవులో దిగిన దినాన, ఓడల సరుకు దించే కంట్రాక్టరు శ్రీనివాసరావుగారు పట్టాభిషేకానికి తరలే యువరాజు వలె క్రాపు దువ్వుకుని బయలుదేరారు. ఎనభైల చివరి రోజులవి. నగరంలో అంబాసిడరే ఐరావతం, ఫియట్టే ఉచ్చైశ్రవం. అట్టి కాలంలో, తలుపు వేస్తే చప్పుడైనా కాని వాహనరాజం ఒకటి బొంబాయి దిగుమతి కంపెనీవారి చలవ వలన ఆయన పాలబడింది. డ్రైవరు సత్యం దాని స్టీరింగు ముందు కూర్చోబోతూ చెప్పులు బయట విడిచాడు. విడవమని ఎవరూ అనలేదు.

ఆ స్టీరింగు నడుమ ఒక గాలి సంచీ మడిచిపెట్టి ఉన్నదనీ, కారు దేనినైనా గుద్దుకుంటే అది రెప్పపాటులో ఉబ్బి మనిషి తలను కాచుకుంటుందనీ బొంబాయివారు చెప్పారు. శ్రీనివాసరావుగారు ఈ వింతను క్లబ్బులో పదిమందికీ వర్ణించి మురిసిపోయారు. అది కాచుకోవలసిన తల సత్యానిదన్న సంగతి మాత్రం ఆ వర్ణనలో ఎక్కడా రాలేదు.

కొత్త బండి ఏదైనా సరే, ముందు సింహాచలం పోవలసినదే. స్కూటరుకూ లారీకీ అక్కడ భేదం లేదు. కొండ కింద ముఖానికి పసుపు, కుంకుమ, పూలదండ. చక్రాల కింద నిమ్మకాయలు. చిట్టచివర యజమాని స్వహస్తాలతో కొబ్బరికాయ. తక్కినవారు కాయను నేలకు కొడతారు. విదేశీ వాహనానికి స్వదేశీ నేల చాలదనుకున్నారో ఏమో, శ్రీనివాసరావుగారు బంపరు అంచుకే కొట్టారు. కాయ ఒక్క దెబ్బకు రెండు చిప్పలైంది. ఆ వెంటనే కారులో తుపాకీ పేలినట్లు చప్పుడైంది. ఇంజను వేసి, నిమ్మకాయల మీదుగా నడపడానికి ముందుకు వంగి కూర్చున్న సత్యం ముఖాన ఆ సంచీ పిడుగై పడింది. కదలకుండా నిలిచిన కారు అది. ఎదుట కొబ్బరికాయ తప్ప వేరే శత్రువు లేడు.

ఆసుపత్రిలో కట్టు విప్పేసరికి సత్యం కుడికంట వెలుగు లేదు. డ్రైవరు బతుకు అంతటితో ఆగింది.

అంతకన్నా పెద్ద దెబ్బ తరువాత తగిలింది. 'సింహాచలం అప్పన్నస్వామి శ్రీనివాసరావు బండిని గుమ్మంలోనే కాదన్నాడట' అని రేవులో గుసగుసలు మొదలయ్యాయి. ఓడల వ్యాపారికి అపశకునం అంటగడితే గిరాకీలు మొహం చాటేస్తారు. అందుచేత ఆయన మరొక చరిత్ర రచించి బొంబాయివారికి సంతకం చేసి ఇచ్చారు. తాను పైన దర్శనంలో ఉండగా, డ్రైవరు తనకు చెప్పకుండా, తన అనుమతి లేకుండా బండి పూజకు నిలిపి, దారినపోయే ఎవరిచేతనో కాయ కొట్టించుకున్నాడట. పూజ చేయించిన అర్చకుడికి ఆనాడు తన ఎదుట నిలిచిన బండ్లలో ఇదేదో గుర్తు లేదు.

సత్యం, అతని భార్య దేముడమ్మ విశాఖ పాత ఊళ్ళో అత్తరు దుకాణం మేడమీదికి ఎక్కారు. అది వకీలు ఖయ్యూంగారి ఆఫీసు. కింద అన్నగారి అత్తర్లు, పైన తమ్ముడుగారి దావాలు. మెట్ల మీద రెండిటి వాసనా కలిసి వచ్చేది.

"గాలి సంచీ కొట్టిందా?" అన్నారు ఖయ్యూంగారు కళ్ళద్దాలు సవరించుకుని.

"అవును బాబూ."

"నవ్వితే నవ్వీండి బాబూ," అన్నది దేముడమ్మ. "ముందిద్దరు ప్లీడర్లు కడుపుబ్బ నవ్వీసినారు. మీ వాటా మీకుంటాది."

ఖయ్యూంగారు నవ్వలేదు. సత్యం కుడికంటి వైపు కుర్చీ జరుపుకుని, అతడికి తాను కనిపించడం లేదని గ్రహించి, మళ్ళీ ఎడమవైపుకు జరుపుకున్నారు.

"కొత్త చట్టం ఒకటి వచ్చిందయ్యా. వస్తువు కొన్నవాడే కాదు, కొన్నవాడి అనుమతితో వాడేవాడు కూడా వినియోగదారుడే. బండిలో లోపం ఉంటే నువ్వూ అడగవచ్చు. కానీ మీ అయ్యగారు అనుమతి లేదంటున్నారే! ఆ ఒక్క ముక్కతో మన కేసు గుమ్మం దాటదు."

"డబ్బులొత్తే వత్తాయి, నేకపోతే నేదు బాబూ," అన్నాడు సత్యం. "నాను సెప్పకుండా బండి తీసినానన్న మాట పోవాల. ఆ మాట నా మీదుంటే కాపలా పనికైనా ఎవడెట్టుకుంటాడు?"

"మరి కాయ కొట్టినదెవరు?"

"ఇంకెవరు బాబూ, అయ్యగారే! ఒక్క దెబ్బకి పగిల్తే ఆయన మొహం సూడాల. పెళ్ళికొడుకు పనికిరాడు."

ఆ మాట విన్న ఖయ్యూంగారు కలం మూతపెట్టి, కిటికీలోంచి రేవు వైపు చూశారు.

వినియోగదారుల ఫోరంలో విచారణ నాడు బొంబాయివారి తరఫున వకీలు రమణమూర్తిగారు లేచారు. నల్లకోటులో ఆయన దిగ్విజయానికి వెళ్ళే చక్రవర్తి వలె ఉన్నారు. కొబ్బరికాయ ఆయుధంతో సమానమనీ, దానితో కారును తాడించడం దుర్వినియోగమనీ, యూరపు ఖండంలో ఏ ఇంజనీరూ ఇట్టి దాడిని ఊహించి ఉండడనీ గంభీరంగా వాదించారు.

ఖయ్యూంగారు వినయంగా నిలబడ్డారు. "మన షిప్‌యార్డులో ఓడ నీట దిగేముందు దాని ముక్కుకు కొబ్బరికాయ కొడతారండీ. ఇంతవరకూ ఏ ఓడా జడుసుకోలేదు. మిత్రులు రమణమూర్తిగారి కొత్త స్కూటరు బయట ఉంది. దాని ముఖాన పసుపు ఇంకా ఆరలేదు. అదీ నిబ్బరంగానే ఉంది. ఈ దేశంలో బండి అమ్మదలచినవారు కొబ్బరికాయకు జడిసే బండిని అమ్మకూడదని నా మనవి."

అధ్యక్షులవారు పెదవి బిగబట్టి కాగితాల వైపు చూశారు. "అదంతా సరే. అనుమతి సంగతేమిటి?"

శ్రీనివాసరావుగారు సాక్షిగా నిలబడ్డారు. సత్యం ఆయనను చూడలేక తన చేతులు చూసుకున్నాడు.

"తమరి భక్తి ఊరెరిగినది," అని మొదలుపెట్టారు ఖయ్యూంగారు, అత్తరు సీసా మూత తీసినంత మెత్తగా. "అనుమతి గొడవ నేను అడగను. నా సందేహం వేరు. ఆనాటి కొబ్బరికాయ శుభ్రంగా పగలలేదనీ, ఎంత బాదినా లొంగలేదనీ, తీరా చూస్తే లోపల కుళ్ళు అనీ ఎవరైనా అంటే, తమరేమంటారు?"

శ్రీనివాసరావుగారి ముఖం ఎర్రబడింది. పూజలో కాయ కుళ్ళిందన్న మాట రేవులోకి పోతే ఇక ఏ ఓడా ఆయన గడప తొక్కదు.

"ఎవడండీ అన్నాడు? కుళ్ళడమేటి! తెల్లగా మల్లెపువ్వులా ఉంది! ఒక్క దెబ్బకే రెండు సిప్పలు! నా సేత్తో నాను కొట్టిన కాయ, నాకు తెల్దేటి?"

రమణమూర్తిగారు కళ్ళద్దాలు తీసి మెల్లగా తుడుచుకోసాగారు. అధ్యక్షులవారు పక్కనున్న గుమాస్తాతో, "సాక్షి చెప్పినది చెప్పినట్లుగా రాసుకోండి," అన్నారు.

ఆనాటి విచారణ ముగిసింది. బండిది లోపమా కాదా అన్నది ఇక నిపుణులు తేల్చవలసిన మాట. బొంబాయివారు తేలికగా వదిలే రకమూ కాదు. అయితే సత్యం వరండాలోకి వచ్చినప్పుడు, కోర్టు బంట్రోతు కుర్చీ జరిపి అతడిని కూర్చోమన్నాడు. పొద్దున అదే బంట్రోతు పక్కకు తప్పుకోమన్నాడు.

శ్రీనివాసరావుగారు వరండా చివర స్తంభం దగ్గర ఆగిపోయి ఉన్నారు. పోలేరు, రాలేరు. చివరికి వచ్చారు.

"సత్యం... ఆ కంటికి ఏమన్నా కనపడతందేట్రా?"

కట్టు విప్పిన తరువాత ఆయన ఆ మాట అడగడం అదే మొదలు.

"నేదు బాబూ."

"నాను మరీ గట్టిగా కొట్టీసినానేమో..." ఆయన గొంతులో కంట్రాక్టరు వినిపించలేదు.

సత్యం చప్పున తలెత్తాడు. "అబ్బెబ్బే, నేదు బాబూ! మెల్లిగానే కొట్టినారు. నాను సూత్తానే ఉన్నాను కదా. బండే సెడ్డది."

ఆయన కండువాతో ముఖం తుడుచుకుని దిగిపోయారు. గేటు దగ్గర ఆయన కోసం అద్దెకు తెచ్చిన అంబాసిడరు నిలబడి ఉంది.

వరండా మెట్ల కిందికి వచ్చాక దేముడమ్మ సంచీలోంచి కొబ్బరికాయ తీసింది. ఖయ్యూంగారు గభాలున తమ పాత స్కూటరు పట్టుకుని రెండడుగులు వెనక్కి లాగారు.

"అమ్మా, నా బండికి మాత్రం వద్దు! స్టాండు మీద నిలబడడమే దానికి గొప్ప."

"మీ బండికి కాదు బాబూ, అప్పన్న బాబుకి. కొట్టు మావా."

సత్యం మెట్టు ముందు వంగాడు. ఒంటికంటికి దూరం సరిగా అందక మొదటి దెబ్బ గాలిలో పోయింది. రెండోది మెట్టు అంచున జారింది. దేముడమ్మ చెయ్యి చాచబోయి ఆగింది. మూడోదానికి కాయ వంకరగా, ఒక చిప్ప చిన్నదిగా, ఒకటి పెద్దదిగా పగిలి, నీళ్ళు ఖయ్యూంగారి బూట్ల మీద చిందాయి.

"ఒక్క దెబ్బకి పగల్నేదు బాబూ," అన్నాడు సత్యం సిగ్గుపడుతూ.

"పరవాలేదయ్యా," అన్నారు ఖయ్యూంగారు పెద్ద చిప్ప అందుకుంటూ. "కొట్టినది నువ్వేనని ఈసారి అందరమూ చూశాం."