చచ్చిన మిషన్ మోగింది

నాకు చూపు లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మీరు జాలిపడే పని అయిపోతుంది, మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఓ పెద్ద ఆఫీసు భవనం కింద, లిఫ్టు పక్కన, బల్ల వేసుకుని కాఫీ అమ్ముతాను. పాలు పొంగేది వాసనతో తెలుస్తుంది. కప్పు నిండేది చప్పుడుతో తెలుస్తుంది. తెలియనిదల్లా చేతిలో పెట్టిన నోటు ఎంతదన్నదే. చిరిగిన చెప్పుల వాళ్ళెప్పుడూ మోసం చెయ్యలేదు. టక్కు టక్కుమని బూట్లు మోగించుకుంటూ వచ్చేవాళ్ళే చిన్న నోటిచ్చి పెద్దదని చెప్పేవాళ్ళు.

ఆ బాధ తప్పించింది బావ. వరసకు కాదు, స్నేహానికి బావ. పై అంతస్తులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. అయినా రోజూ పొద్దున్నే వచ్చి నా బల్ల దగ్గర నిలబడతాడు. పేమెంటు మిషన్ పెట్టించింది ఆయనే.

"ఫోను దీనికి ఆనిస్తే చాలు బావా. టింగ్‌మంటే డబ్బు పడ్డట్టు. కుయ్ కుయ్‌మంటే పడనట్టు. నీ చెవులంత పదునైనవి ఎవడికున్నాయి? ఇక నిన్ను మోసం చేసేవాడు పుట్టాలి" అన్నాడు.

అలాంటివాడు అప్పటికే పుట్టి, పెరిగి, రిటైరై నా ఎదురుగానే నిలబడి ఉన్నాడని నాకేం తెలుసు.

ఆయన దగ్గర డబ్బు తీసుకోవడం నాకిష్టం లేదు. మొదటిరోజే ఆ మాట చెప్పాను. ఒప్పుకుంటేనా! "స్నేహం స్నేహమే, వ్యాపారం వ్యాపారమే" అంటూ టింగ్‌మనిపించాకే కప్పు ముట్టుకునేవాడు. ఆ చప్పుడు మిగతావాళ్ళదానికంటే కాస్త పైనుంచి వచ్చేది. పొడుగు మనిషి కదా, అందుకే అలా వినిపిస్తుందనుకున్నాను. ఇష్టమైనవాడి విషయంలో నా చెవులు కూడా మొద్దుబారిపోయాయి.

ఈమధ్య సాయంత్రాలు మా ఆవిడ "అమ్మిన కాఫీలకీ మిషన్ చెప్పేదానికీ పొంతన కుదరట్లేదండీ" అంటోంది. బావతో చెప్పుకున్నాను. ఆయన "చెల్లెమ్మ మంచిదే. కానీ ఇంట్లోవాళ్ళ మీద కూడా ఓ కన్నేసి ఉంచాలి బావా" అన్నాడు. వెయ్యడానికి నా దగ్గర కన్నెక్కడుంది? మాట మాత్రం ముల్లులా దిగబడింది. అప్పటినుంచి ఆవిడతో ముభావంగా ఉంటున్నాను. ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను.

ఇవాళ పొద్దున ఓ అమ్మాయి ఫోను ఆనించింది. చప్పుడు రాలేదు.

"అంకుల్, మిషన్ చచ్చిపోయింది. స్క్రీన్ నల్లగా ఉంది" అని చిల్లర ఇచ్చి వెళ్ళిపోయింది.

రాత్రి చార్జింగు పెట్టడం మరిచిపోయాం. మీట నొక్కి చూస్తే ఉలుకూ పలుకూ లేదు. ఇంతలో బావ అడుగులు వినిపించాయి. కాఫీ కలిపాను. ఇవాళైనా ఊరికే తాగక తప్పదని లోపల్లోపల సంతోషించాను. "మిషన్ పని చెయ్యట్లేదు, డబ్బూ గిబ్బూ అనకు" అని చెప్పబోయాను.

టింగ్.

"పడిందా బావా?" అన్నాడు, రోజూ అన్నట్టే.

ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన చెయ్యి వెతికి పట్టుకుని మిషన్ మీద పెట్టాను.

"ఇది పొద్దుట్నుంచి చచ్చి పడుంది. మరి మోగింది ఎక్కడ?"

చెయ్యి లాక్కోబోయాడు. నేను వదల్లేదు.

"ఫోన్లో... ఆ చప్పుడు రికార్డు చేసి పెట్టుకున్నా" అన్నాడు చివరికి. "పెన్షనంతా మావాడే తీసేసుకుంటున్నాడు బావా. చేతిలో పైసా ఆడట్లేదు. రోజూ ఊరికే తాగితే అడుక్కుంటున్నట్టుంటుందని..."

"అడుక్కోవడం నామోషీ. దొంగతనం కాదా?"

"ఒక్క కాఫీయే కదా."

"కాఫీ గురించి ఎవడడిగాడు? నా పెళ్ళాం మీద ఆ మాట ఎందుకన్నావు?"

కంచే చేను మెయ్యడం లోకంలో ఉన్నదే. ఈ కంచె మేసి, మూతి తుడుచుకుని, పక్కవాళ్ళని చూపించింది.

"చెల్లెమ్మకి చెప్పకు బావా" అన్నాడు. గొంతులో ఏడుపుంది. నిజంగా ఏడుస్తున్నాడో, అదీ రికార్డేనో నాకెలా తెలుస్తుంది? చెయ్యి వదిలేశాను. అడుగులు గేటు వైపు వెళ్ళిపోయాయి. కాఫీ ముట్టుకోనేలేదు.

లిఫ్టు రెండుమూడుసార్లు వచ్చి పోయింది. ఎవరో కాఫీ అడిగితే లేదన్నాను. మా అమ్మాయి పుట్టిన ఏడు, పిల్ల ఎలా ఉందో చెప్పమని అడిగాను బావని. "ఇది నవ్వితే ముందు కళ్ళే నవ్వుతాయి బావా" అన్నాడు. మా ఆవిడని ఎప్పుడూ అడగలేదు, అడగాలనిపించలేదు. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నేళ్ళూ నా కూతురి ముఖం చూసుకున్నాను.

ఇంటికెళ్ళి మా ఆవిడకి తలనొప్పి సంగతి చెప్పాలి. తిట్టినా పడాలి. తర్వాత, పిల్ల నవ్వితే ఎలా ఉంటుందో అడగాలి. ఆవిడ ఉన్నదున్నట్టు చెబుతుంది. నాకు భయంగా ఉంది.